నల్ల కారు మీద సాలెగూడు గీతలు: ఇంట్లోనే పాలిష్ పట్టే పద్ధతి

మధ్యాహ్నం ఎండలో నల్ల కారు బానెట్ మీద సూర్యుడు ఎక్కడ మెరుస్తున్నాడో అక్కడ చూడండి. ఆ వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనబడతాయి. వీటినే స్విర్ల్స్ అంటారు. అవి గుండ్రటి గీతలు కావు. అన్ని దిక్కులకీ పోయిన గీతల్లో వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి, అందుకే చుట్లుగా అనిపిస్తాయి. తెల్ల కారుకీ ఇవన్నీ ఉంటాయి, కంటికి తెలియవంతే.

ఇవి ఎక్కడినుంచి వస్తాయో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున్నే ఆరింటికి చూడొచ్చు. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ, వరసగా పది కార్లు. మొదటి కారు ఇసుక పదో కారు మీద రుద్దుకుంటుంది. తుడిచే కుర్రాణ్ణి నేను తప్పుపట్టను, ఇంకో బకెట్టు కొనిచ్చినవాళ్ళు లేరు. పొడిగుడ్డతో దుమ్ము దులపడం, దుమ్ము మీదే కవరు కప్పడం కూడా ఇదే పని చేస్తాయి. దసరాకి వాహన పూజ చేయించి బానెట్ మీద పెట్టిన పసుపు కుంకుమలు ఎండిపోయాక గోకి తీసినా గీతలే. బొట్టు తప్పకుండా పెట్టించండి, కానీ ఆ సాయంత్రమే నీళ్ళతో నానబెట్టి కడిగేయండి.

మెషిన్ పట్టుకునే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం చాలా కార్లలో 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కన్నా సన్నం. పాలిష్ గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న పొరను గీత అడుగుదాకా అరగదీస్తుంది. అరిగింది మళ్ళీ పెరగదు. అందుకే నేను గీత నామరూపాల్లేకుండా పోవాలని పట్టుబట్టను, కంటికి ఆనకపోతే చాలనుకుంటాను. గోరు అడ్డంగా పెట్టి నెమ్మదిగా లాగండి. గోరు తట్టుకుంటే ఆ గీత లోతైనది, దాన్ని వదిలేయండి. పాలిష్‌కి దాని అంచులు కాస్త మెత్తబడితే అంతగా కంటికి ఆనదు. అడుగున ప్రైమరో (రంగు కింది పూత), రేకో కనబడితే అది పెయింటర్ పని, పాలిష్‌తో పోదు.

మెషిన్ విషయంలో నాది గట్టి అభిప్రాయం. నేర్చుకునేవాళ్ళు డ్యూయల్ యాక్షన్ పాలిషరే కొనాలి. షెడ్లలో రబ్బింగ్ పేరుతో వాడే రోటరీ ఒకే చోట గిర్రున తిరుగుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళకి అది మంచి పనిముట్టే. తిరగనివాళ్ళ చేతిలో పెయింట్ కాలుతుంది, లేదంటే ఎండలో పొగలా కదిలే హోలోగ్రామ్ మరకలు మిగులుతాయి. డ్యూయల్ యాక్షన్‌లో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి అంత తొందరగా చేరదు. 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్ అంటించే పళ్ళెం), రెండు రకాల ఫోమ్ ప్యాడ్లు నాలుగైదు, ఒక మీడియం కట్ పాలిష్, ఒక ఫినిషింగ్ పాలిష్, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు పది ఉంటే మొదలుపెట్టొచ్చు. మెన్జెర్నా అనే కంపెనీ పాలిష్‌ల్లో నేను మీడియం కట్‌కి 2500, ఫినిషింగ్‌కి 3500 దగ్గర పెట్టుకుంటాను. అందులో అంకె తగ్గేకొద్దీ కోత, అంటే పొరను అరగదీసే గుణం, ఎక్కువ, 400 జోలికి మొదట్లోనే పోకండి.

సగం పని కడగడంలోనే ఉంది. ముందు పైపుతో నీళ్ళు కొట్టి ఇసుకంతా జారనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో మిట్ (చేతికి తొడుక్కుని కారు రుద్దే మెత్తటి తొడుగు) జాడించడానికి మంచినీళ్ళు. మా బెజవాడ బోరు నీళ్ళు ఆరితే తెల్లటి మచ్చలు కడతాయి, కాబట్టి ఒక్కో ప్యానెల్ కడిగిన వెంటనే అద్ది ఆరబెట్టాలి. తర్వాత పల్చటి పాలిథిన్ కవరులో చెయ్యి పెట్టి బానెట్ నిమరండి. గరగరలాడితే పెయింట్‌లో ఏదో గుచ్చుకుని ఉన్నట్టే. ఐరన్ రిమూవర్ కొడితే బ్రేకు ఇనుప రజను ఊదా రంగులోకి కరిగి కారుతుంది. అది ఆరిపోకముందే కడిగేసి, మిగిలినదాన్ని క్లే బార్‌తో, అంటే మురికిని అంటించుకునే మెత్తటి బంకముద్దతో, తీయాలి. క్లే కింద ఎప్పుడూ తడి ఉండాలి. అది నేల మీద పడిందా, పారేయడమే, తుడిచి వాడొద్దు.

ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్, ప్యానెల్ అంచులు, డోరు మీద పదునుగా వంగిన గీటు, వీటన్నిటి మీదా మాస్కింగ్ టేప్ వేయండి. అంచుల్లో క్లియర్ కోట్ పల్చగా ఉంటుంది, పొర తెగిపోయేది అక్కడే. ప్లాస్టిక్ బంపరు రేకులా వేడిని పంచుకోదు, దాని మీద ఎక్కువసేపు ఆగొద్దు.

ఇప్పుడు టెస్ట్ స్పాట్. ఈ మెట్టు దాటేసి కారంతా మొదలుపెట్టొద్దని అడిగినవాళ్ళందరికీ చెబుతాను. ఒక కారు పెయింట్ గట్టిగా ఉంటుంది, ఇంకోదాని పెయింట్ గుడ్డ తగిలితేనే గీత పడేంత మెత్తగా ఉంటుంది. మన కారుది ఏ రకమో పట్టి చూస్తే తప్ప తెలియదు. మా బావ నల్ల వెర్నా బానెట్ మీద రెండడుగుల చదరం టేప్‌తో కొలిచి పెట్టుకున్నాం. ఆయన ఏకంగా 400 తెప్పించి ఉంచాడు. నేను మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో మొదలుపెట్టాను. వెలుగు చుట్టూ గీతలు సగానికి పైగా ఉండిపోయాయి. ప్యాడ్ అలాగే ఉంచి పాలిష్ మాత్రం 2500కి మార్చితే చాలావరకు పోయాయి. ఎక్కువ కోసే కటింగ్ ప్యాడ్ దాకా వెళ్ళాల్సిన అవసరమే రాలేదు. తక్కువ కోతతో మొదలుపెట్టి, చాలకపోతేనే ఒక్కో మెట్టు ఎక్కాలి.

చేసే తీరు ఇది. కొత్త ప్యాడ్ ముఖమంతా పాలిష్ పల్చగా పట్టించాక, శనగగింజంత చుక్కలు మూడు నాలుగు వేయండి. ప్యాడ్‌ని పెయింట్‌కి ఆనించాకే స్విచ్ వేయాలి, లేకపోతే పాలిష్ గోడల మీదికి చిమ్ముతుంది. తీగ భుజం మీదుగా వెనక్కి వేసుకోండి. తక్కువ వేగంలో పరిచి, వేగం 4 లేదా 5కి పెంచి, సెకనుకి అంగుళం చొప్పున నడపండి. ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, ఇలా నాలుగైదుసార్లు. మెషిన్ బరువుకి అరచేతి బరువు కాస్త కలిపితే చాలు. బ్యాకింగ్ ప్లేటు పక్కన మార్కర్‌తో ఒక గీటు గీసుకోండి. నొక్కుడు ఎక్కువైతే ప్యాడ్ తిరగడం ఆగి వణుకుతుంది, ఆ గీటు చూస్తే వెంటనే తెలుస్తుంది. ప్యానెల్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమంటే ఆపేయండి. మే నెలలో మా ఊళ్ళో ఈ పని తెల్లవారుజామున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, నీడలోనే చేయాలి. ఎండ చూడటానికి పనికొస్తుంది, పట్టడానికి కాదు.

తుడిచిన వెంటనే కనబడే మెరుపుని నమ్మొద్దు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాచిపెడతాయి. ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి నాలుగు వంతుల బ్యాటరీ వాటర్ (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) కలిపి చల్లి తుడిచాక, టార్చి పక్కవాటుగా పట్టి చూస్తే అసలు ఫలితం తెలుస్తుంది. ప్రతి ప్యానెల్ అయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి. అందులో చేరిన పెయింట్ రజను మళ్ళీ గీతలు పెడుతుంది. క్లియర్ కోట్ లేని పాత కారైతే ప్యాడ్‌కి కారు రంగే అంటుతుంది. అది చూసి కంగారు పడొద్దు, కానీ అక్కడ ఇంకా తేలిక చేత్తో పట్టాలి.

నలుపు, ముదురు నీలం, మెరూన్ రంగులకి చివర్లో మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో ఇంకో విడత పట్టించండి. మసక పోయి లోతు వచ్చేది దాంతోనే. ఆపైన పెయింట్‌కి కాపుగా సీలెంటో, వాక్సో అదే రోజు పల్చగా రాయండి. డబ్బా మీద రాసినంతసేపు నీళ్ళు తగలనివ్వొద్దు.

కారు రోజూ తుడిచే కుర్రాడుంటే అదే వారంలో మాట్లాడండి. రోజూ తుడవొద్దని, మీరు ఇచ్చిన మైక్రోఫైబర్ గుడ్డే వాడమని, ముందు నీళ్ళు పోసి దుమ్ము జారాకే చెయ్యి పెట్టమని చెప్పండి. పని తగ్గిందని జీతం తగ్గించకండి.