వేసవిలో రోజుకో అధ్యాయం

ఈ ఎండాకాలం మనల్ని మనం కాస్త పరిశీలించుకునేలా చేసే పుస్తకం చదవాలనుంటే, గాంధీజీ ఆత్మకథ తీసుకోండి. 1925 నుంచి 1929 దాకా ‘నవజీవన్’ వారపత్రికలో గుజరాతీలో విడతలుగా వచ్చింది కాబట్టి అధ్యాయాలన్నీ చిన్నవి. పొద్దున్నే ఎండ ముదరకముందు, ఫోన్ ముట్టుకోకముందు ఒక్కటి చదవండి. రెండోది ఎంత ఊరించినా ఆగండి.

పిల్లల పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు కుట్టుకుంటే రాసుకోవడానికి సరిపోతాయి. తేదీ వేసి ఒకే ప్రశ్నకు జవాబు రాయండి: ఇందులో నన్ను ఇబ్బంది పెట్టిన మాట ఏది, ఎందుకు?

పదిహేనేళ్లప్పుడు అన్న కడియంలోంచి బంగారం ముక్క దొంగిలించి, ఆ సంగతి చీటీ మీద రాసి తండ్రి చేతికిచ్చిన అధ్యాయం ఉంది. జబ్బుతో పడుకున్న తండ్రి లేచి కూర్చుని చదివాడు. తిట్టలేదు, కొట్టలేదు. కన్నీళ్లతో కాగితం తడిసింది, చించేసి మళ్లీ పడుకున్నాడు. అది చదివిన రోజు ‘నేను ఎవరికి ఏం చెప్పకుండా దాచాను?’ అని నాలుగు లైన్లు రాసి చూడండి. పెన్ను ఎక్కడ ఆగిపోతే అసలు విషయం అక్కడే ఉన్నట్టు. ఆ రోజుకి అంతటితో ఆపేసినా పర్లేదు, టెన్షన్ పడొద్దు.

రాసింది ఇంట్లోవాళ్లకి కూడా చూపించకండి. ఎవరో చదువుతారనుకుంటే మనకు తెలియకుండానే మంచిగా కనబడేలా రాసేస్తాం.

తెలుగు అనువాదం తక్కువ ధరకే దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతకండి, లేదంటే దగ్గర్లోని గ్రంథాలయంలో అడగండి.