పటాల పని, నాలుగో పాఠం: ‘ఓపెన్’ అన్న మాటను పరీక్షించడం

గత పాఠంలో పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డు వెంట గీత గీసి, ఆ లేయర్‌ను (పటంలోని ఒక పొరను) జియోప్యాకేజీ అనే ఫైలు ఫార్మాట్‌లో భద్రపరచుకున్నాం. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవారు తమ సరుకును ‘ఓపెన్’ అన్నప్పుడు అందులో నిజమెంతో తేల్చుకోవడానికి ఈసారి అదే లేయర్‌ను వాడుకుందాం.

మాదాపూర్‌లో ఒక కంపెనీ ప్రదర్శనలో ‘మాది పూర్తిగా ఓపెన్’ అన్నారు. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్, చూడవచ్చా అని అడిగితే ఏపీఐ (వేరే ప్రోగ్రాములు ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే మార్గం) వివరాల పుస్తకం చేతికిచ్చారు. అది పనికొచ్చేదే గాని, నేను అడిగింది అది కాదు. కాబట్టి ‘ఓపెన్’ అన్న విశేషణం దేనికి వర్తిస్తుందో మొదట అడగాలి. సోర్స్ కోడ్‌కైతే లైసెన్సు చదవాలి. క్యూజీఐఎస్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద వస్తుంది గనుక దాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ‘ఓజీసీ (పటాల సమాచారానికి ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ) ప్రమాణాలు పాటిస్తాం’ అంటే ఏ ప్రమాణమో చెప్పించాలి. వాటిలో డబ్ల్యూఎంఎస్ అనే ప్రమాణం ప్రధానంగా పంపేది పటం బొమ్మను; గీతలూ వాటి వివరాలూ కావాలంటే డబ్ల్యూఎఫ్‌ఎస్ వంటి మరో ప్రమాణం ఉండాలి.

అసలు మెలిక ఫైలు ఫార్మాట్‌లో ఉంటుంది. పటాల సమాచారం దాచే షేప్‌ఫైల్ అనే ఫార్మాట్ నిర్మాణ వివరాలను, మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎస్రి సంస్థ 1998లో ప్రచురించింది. అందుకే ఇవాళ దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ దాన్ని తెరవగలదు. అదే సంస్థ తన మరో ఫార్మాట్ అయిన ఫైల్ జియోడేటాబేస్‌కు ఏపీఐ ఇచ్చింది గాని లోపలి నిర్మాణాన్ని ప్రచురించలేదు. బయటి ప్రోగ్రామర్లు బైట్లను పరిశీలించి ఆ నిర్మాణాన్ని రాబట్టాక గాని, రకరకాల పటాల ఫార్మాట్లను చదివే జీడాల్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఆ ఏపీఐ సాయం లేకుండా దాన్ని చదవలేకపోయింది. ఏపీఐ ఉండటం, ఫార్మాట్ తెరిచి ఉండటం రెండూ ఒకటి కావు.

‘షేప్‌ఫైల్‌గా ఎగుమతి చేసుకోవచ్చు కదా’ అని జవాబు వస్తుంది. చేసి చూద్దాం. మన లేయర్ పట్టికలో పేరు రాసుకున్న ఫీల్డ్‌ను (నిలువు వరుసను) ‘చెరువు’ అన్నాం. షేప్‌ఫైల్ వెంట వచ్చే డీబీఎఫ్ అనే పట్టిక ఫైలులో ఫీల్డ్ పేరుకు 10 బైట్లే చోటు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘చెరువు’లో హల్లులూ గుణింతపు గుర్తులూ కలిసి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. పూర్తిగా ఇమిడేవి మొదటి మూడే, ‘చెర’ వరకే. తెలుగులో రికార్డులు పెట్టుకునేవారికి ఇది చిన్న నష్టం కాదు. ఫీల్డ్‌లో ఏ విలువలు మాత్రమే రాయవచ్చో చెప్పే జాబితాలూ, పట్టికల మధ్య సంబంధాలూ షేప్‌ఫైల్‌లోకి రానే రావు. ఎగుమతి బొత్తాం ఉన్నంత మాత్రాన మన సమాచారం చెక్కుచెదరకుండా బయటికి వస్తుందని నమ్మకూడదు.

అభ్యాసం: ఏదైనా కంపెనీ ట్రయల్ సాఫ్ట్‌వేర్‌లోకి మన జియోప్యాకేజీని ఎక్కించి, అది ఇచ్చే ప్రతి ఫార్మాట్‌లోనూ బయటికి తీసి, మళ్లీ క్యూజీఐఎస్‌లో తెరవండి. ఆకారాల సంఖ్య, ఫీల్డ్ పేర్లు, కోఆర్డినేట్ వ్యవస్థ (భూమి మీద స్థానాలను అంకెల్లో చెప్పే పద్ధతి), తెలుగు అక్షరాలు మునుపటిలాగే ఉన్నాయో లేదో ఒక్కొక్కటే సరిచూసి, మారినవాటిని కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.