బెంచ్ ప్రెస్‌లో బరువు పెంచే ముందు జాగ్రత్తలు

బెంచ్ ప్రెస్ అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని, బరువులు తగిలించిన బార్‌ను (ఇనుప కడ్డీని) ఛాతీ దాకా దించి పైకి ఎత్తే వ్యాయామం. బెంచ్ మీద పడుకోకముందే బార్‌ను ఆనించే కొక్కేల ఎత్తు చూసుకోవాలి. మోచేతులు కొద్దిగా వంచి అందుకునేంత ఎత్తులో బార్ లేకపోతే, దాన్ని పైకి తీయడంలోనే భుజాలు ముందుకు జారి, వెనక్కి బిగించుకున్న రెక్క ఎముకలు సడలిపోతాయి. పోటీల్లో పురుషులు వాడే ఒలింపిక్ బార్ ఖాళీగానే 20 కిలోలు ఉంటుందని లెక్కలో మరవకూడదు. 80 కిలోలు ఎత్తదలచిన రోజున ఖాళీ బార్‌తో పదిసార్లు, 40తో ఐదుసార్లు, 60తో మూడుసార్లు, 70తో ఒక్కసారి చేస్తే కండరాలు అలసిపోకుండానే సిద్ధమవుతాయి.

పట్టు విషయంలో మాత్రం ఎవరూ రాజీ పడవద్దని నా గట్టి మనవి. బొటనవేలు బార్ చుట్టూ తిరిగి ఉండాలి. దాన్ని మిగతా వేళ్ల పక్కనే ఉంచితే, చెమట పట్టిన అరచేతిలోంచి బార్ జారి నేరుగా ఛాతీ మీదో మెడ మీదో పడే ప్రమాదం ఉంది. బార్ వేళ్ల మొదట్లో కాక అరచేతి అడుగుభాగంలో, ముంజేతికి సరిగ్గా పైన ఆనాలి. అప్పుడే మణికట్టు వెనక్కి వంగిపోదు.

మోచేతులను పూర్తిగా పక్కలకు చాపితే భుజం కీలుపై ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, కొంత లోపలికి ఉంచి, బార్‌ను ఛాతీ దిగువభాగానికి దించాలి. పాదాలు నేలను వీడకూడదు.

అవసరమైతే బార్‌ను అందుకునే తోడు లేనప్పుడు, ర్యాక్‌లో (బార్‌ను ఆనించే చట్రంలో) జారిన బార్‌ను ఆపే సేఫ్టీ కడ్డీలను, ఛాతీ ఎత్తి పడుకున్నప్పటి ఎత్తుకు కాస్త కిందుగా అమర్చుకోవాలి. అవి కూడా లేకపోతే ఆ రోజు బరువు పెంచకపోవడమే మేలు. తోడున్న వ్యక్తికి ఎన్నిసార్లు ఎత్తబోతున్నారో ముందే చెప్పి, బార్ ఆగిపోయేవరకు ముట్టుకోవద్దని కోరాలి.