జార్జియాలో వ్యవసాయ కమిషనర్ కార్యాలయంతో పని పడితే ఏం చేయాలి, ఎలా చేయాలి?

అమెరికాలో వ్యవసాయ కమిషనర్‌ను ప్రజలే ఓటేసి ఎన్నుకునే రాష్ట్రాలు 12 ఉన్నాయి. జార్జియా, టెక్సాస్, నార్త్ కరోలినా, ఫ్లోరిడా ఆ జాబితాలోవే. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఆ కుర్చీలో ప్రభుత్వం నియమించిన అధికారి ఉంటారు. అక్కడ తూకాలు తూనికలు కొలతల శాఖ చూస్తుంది, తిండి సంగతి ఆహార భద్రతా విభాగం చూస్తుంది. జార్జియాలో మాత్రం గ్యాస్ (కారుకు పోసే పెట్రోల్) పంపు, కిరాణా కొట్టు తరాజు, పురుగుమందు, మొక్కల నర్సరీ, కుక్కల కెన్నెల్ అన్నీ ఈ ఒక్క కమిషనర్ శాఖ కిందికే వస్తాయి. పేరులో వ్యవసాయం ఉందని, మనకు పొలం లేదు కదా అని దీన్ని పక్కన పెట్టేయడం పొరపాటు. అట్లాంటా శివార్లలోని కమింగ్‌లోనో, జాన్స్ క్రీక్‌లోనో అపార్ట్‌మెంట్‌లో ఉండే కుటుంబానికి కూడా ఈ శాఖతో వారం వారం పని ఉంటుంది.

ఫిర్యాదు చేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు, పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు ఎవరైనా చేయవచ్చు. పౌరసత్వం కావాల్సింది ఓటుకు మాత్రమే.

ముందుగా: ఇది వీళ్ల పనేనా?

చాలా ఫిర్యాదులు తప్పు గుమ్మం దగ్గరికి వెళ్లి ఆగిపోతాయి. రెస్టారెంట్‌లో భోజనం బాగా లేకపోతే వెళ్లాల్సింది కౌంటీ ఆరోగ్య శాఖకు. ఇండియన్ గ్రోసరీలో పాడైన పనీర్ అమ్మితే వ్యవసాయ శాఖకు. గ్రోసరీ లోపలే చాట్ కౌంటర్ ఉంటే, గోడకు అంటించిన తనిఖీ కాగితం మీద ఏ శాఖ పేరుందో చూడండి, ఫిర్యాదు వాళ్లకే పంపండి. గ్యాస్ ధర ఎక్కువైందంటే కమిషనర్ ఏమీ చేయలేరు, ధర నిర్ణయించే అధికారం ఆయనకు లేదు. పంపు చూపించినంత గ్యాస్ మీ ట్యాంకులో పడిందా లేదా అన్నదే ఆయన పరిధి.

రాష్ట్రం మారితే ఇదీ మారుతుంది. డాలస్‌లో ఉన్నవాళ్లు గమనించాలి: టెక్సాస్‌లో గ్యాస్ పంపుల తనిఖీ 2020 సెప్టెంబరు 1 నుంచి వ్యవసాయ శాఖ చేతిలో లేదు, లైసెన్సింగ్ శాఖకు బదిలీ అయింది.

గ్యాస్ పంపు మీద అనుమానం వస్తే

నాజిల్ తీసి, గ్రేడ్ (పెట్రోల్ రకం) నొక్కి, లివర్ నొక్కకుండా రెండు క్షణాలు ఆగండి. గ్యాలన్లూ డాలర్లూ రెండూ సున్నా మీదే నిలవాలి. లివర్ నొక్కకముందే అంకెలు కదిలితే ఫిర్యాదుకు అదొక్కటే చాలు, ఫోన్‌లో వీడియో తీయండి. నింపాక గ్యాలన్లను ధరతో గుణించి చూసుకోండి. 10.000 గ్యాలన్లు, గ్యాలన్ 3.199 అయితే 31.99 రావాలి.

ఎక్కువమందికి అనుమానం వచ్చేది మరోచోట. కారు పుస్తకంలో ట్యాంకు 14.5 గ్యాలన్లు అని ఉంటుంది, పంపు మాత్రం 15 దాటుతుంది. దీన్ని మోసానికి రుజువుగా తీసుకోవద్దు. పుస్తకంలో రాసేది ఉజ్జాయింపు లెక్క. నింపే గొట్టంలోనూ, ఆవిరి కోసం ట్యాంకు పైన వదిలిన ఖాళీలోనూ కొంత గ్యాస్ పడుతుంది. ఈ ఒక్క ఆధారంతో ఫిర్యాదు చేస్తే ఇన్‌స్పెక్టర్ వస్తారు గానీ పంపు సరిగ్గానే ఉందని తేలే అవకాశమే ఎక్కువ.

ఇన్‌స్పెక్టర్ ఎలా పరీక్షిస్తారో తెలిస్తే మీ ఫిర్యాదు పదునెక్కుతుంది. 5 గ్యాలన్ల కొలత పాత్రలోకి గ్యాస్ పట్టి, పాత్ర మెడ మీది గీతల్లో తేడా చదువుతారు. 5 గ్యాలన్లంటే 1155 ఘనపుటంగుళాలు. వాడుకలో ఉన్న పంపుకు అందులో 6 ఘనపుటంగుళాల వరకు, అంటే దాదాపు 98 మిల్లీలీటర్ల తేడా అనుమతిస్తారు. అది అర శాతానికి కాస్త పైన. 32 డాలర్ల గ్యాస్‌లో 16, 17 సెంట్ల తేడా వచ్చినా చట్టం ప్రకారం పంపు పాసైనట్టే. అయితే ఈ వెసులుబాటును అడ్డం పెట్టుకుని స్టేషన్‌లోని పంపులన్నీ యజమానికి లాభం వచ్చేలా తిప్పి పెట్టడం నిబంధనలకు విరుద్ధం. అందుకే ఒకే స్టేషన్‌లో రెండు మూడు పంపుల మీద అనుమానం ఉంటే ఆ నంబర్లన్నీ రాయండి.

ఫిర్యాదులో స్టేషన్ చిరునామా, పంపు నంబరు, గ్రేడ్, తేదీ, సమయం, రసీదు ఫొటో తప్పక ఉండాలి. పంపు నంబరు లేకుంటే ఇన్‌స్పెక్టర్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. గ్యాస్‌లో నీళ్లు కలిసి కారు ఆగిపోతే మెకానిక్ ట్యాంకులోంచి తీసిన నమూనాను పారబోయనివ్వకండి. అదీ, మెకానిక్ రాసిచ్చిన కాగితమూ మీ దగ్గర ఉంచుకోండి.

తరాజు, స్వీట్ బాక్సు

తూకంలో చట్టం చెప్పేది ఒక్కటే: సరుకు బరువుకే డబ్బు, డబ్బా బరువుకు కాదు. స్వీట్ కౌంటర్‌లో మాత్రం లడ్డూలు పెట్టిన అట్టపెట్టెను అలాగే తరాజు మీద పెట్టడం కనిపిస్తూనే ఉంటుంది. 60 గ్రాముల పెట్టె అంటే 0.13 పౌండ్లు. పౌండు 10.99 డాలర్లయితే అట్టముక్కకు మీరిచ్చింది 1.45 డాలర్లు. దీపావళికి పది పెట్టెలు కొనేవాళ్లు లెక్క వేసుకోండి.

తూకం వేస్తున్నప్పుడే చూడాల్సినవి ఉన్నాయి. ఖాళీ తరాజు సున్నా చూపాలి. ఆ అంకె మీకూ కనబడాలి, కొట్టు మనిషికి ఒక్కడికే కనిపించే తరాజు సరైనది కాదు. ఖాళీ పెట్టె పెట్టి టేర్ మీట (పెట్టె బరువును లెక్కలోంచి తీసేసేది) నొక్కాక మళ్లీ సున్నా రావాలి, ఆ తర్వాతే లడ్డూలు. "అన్నా, టేర్ కొట్టావా?" అని మర్యాదగా అడిగితే చాలాచోట్ల అక్కడికక్కడే సరిచేస్తారు. అడిగినా మార్చకపోతే, లేదా ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసినదాంట్లో బరువు తగ్గితే, సీలు విప్పకుండా ఫొటో తీసి ఫిర్యాదు చేయండి. ఇంట్లో వంటింటి తరాజు మీద తూచింది రుజువుగా నిలవదు గానీ, ఇన్‌స్పెక్టర్‌ను కొట్టుకు రప్పించడానికి పనికొస్తుంది.

ఇంటి దగ్గర పొడులు, పచ్చళ్లు అమ్మాలంటే

బయట ఫ్రిజ్ లేకుండా నిలవుండే సరుకును ఇంటి వంటగదిలో చేసి అమ్మడానికి కాటేజ్ ఫుడ్ నిబంధనలు ఉన్నాయి. బ్రెడ్, కేకులు, బిస్కట్లు, జామ్‌లు, పొడి మసాలాలు దీని కిందికి వస్తాయి. కంది పొడి, నువ్వుల పొడి లాంటివాటికి ఇదే దారి. పాలకోవా, పెరుగు, మాంసం కుదరవు. ఇంటి వంటగదిలో చేసిన ఆవకాయ కూడా కుదరదు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

లేబుల్ మీద సరుకు పేరు, తయారీదారు వివరాలు, ఎక్కువ బరువున్నదాని నుంచి తక్కువదాని వరకు వరుసగా దినుసులు, నికర బరువు, అలర్జీ కలిగించే పదార్థాలు, ఇంటి వంటగదిలో తయారైందన్న హెచ్చరిక ఉండాలి. నువ్వులను 2023 జనవరి 1 నుంచి దేశమంతటా ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు. "మసాలా దినుసులు" అని ఒక్క మాట రాసి అందులో నువ్వులు దాచేస్తే అది నేరుగా ఒక బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు. వేరుశనగ, జీడిపప్పు, గోధుమ విషయంలోనూ అంతే. ఇంగువలో చాలాసార్లు గోధుమ పిండి కలిపి ఉంటుందని మరవకండి.

పచ్చడి అమ్మాలనుకుంటే సీసాలు కొనకముందే ఈ వరుసలో వెళ్లండి.

1. వంటకం కొలతలన్నీ గ్రాముల్లో రాసి, నమూనాతో పాటు జార్జియా విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ ఆహార శాస్త్ర విభాగానికి పరీక్షకు పంపండి. అది ఏ తరగతి సరుకో వాళ్లు తేలుస్తారు.
2. ఆమ్లీకృత ఆహారం (పులుపు చేర్చి నిలవ చేసేది) అని తేలితే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి. అంతకంటే పైన బొటులిజం అనే ప్రాణాంతక విషప్రభావం కలిగించే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.
3. బెటర్ ప్రాసెస్ కంట్రోల్ స్కూల్ అనే శిక్షణ పూర్తి చేయండి.
4. ఇంటి వంటగది కాకుండా అనుమతి ఉన్న వాణిజ్య వంటగది చూసుకుని, వ్యవసాయ శాఖ నుంచి తయారీ లైసెన్సు తీసుకోండి. దీనితో పాటు సమాఖ్య ఆహార, ఔషధ సంస్థ దగ్గర నమోదు, తయారీ విధానం దాఖలు కూడా ఉంటాయి.

ఎక్కువగా చెడేది పీహెచ్ కొలిచే దగ్గర. పైన తేలే నూనెలో మీటరు ముంచితే వచ్చే అంకెకు అర్థం లేదు. నూనె వేరుచేసి, ముక్కలు, గుజ్జు మెత్తగా రుబ్బి, మీటరును పీహెచ్ ముందే తెలిసిన రెండు బఫర్ ద్రావణాలతో సరిచూసుకుని కొలవాలి. ముక్క లోపలిదాకా పులుపు పట్టక ముందే కొలిస్తే కూడా తప్పు అంకె వస్తుంది. ఒకసారి పాసయ్యాక వెల్లుల్లి పెంచడం, ఉప్పో నిమ్మరసమో తగ్గించడం చేస్తే అది కొత్త వంటకమే, మళ్లీ పరీక్షకు పంపాల్సిందే.

కరివేపాకు మొక్క

అట్లాంటాలో కుండీలో పెంచిన కరివేపాకు పిలకను పక్క రాష్ట్రాల్లోని షార్లెట్‌లోనో నాష్‌విల్‌లోనో ఉన్న అక్కకు కారులో తీసుకెళ్లడం మనకు మామూలు విషయం. అది నిబంధనలకు విరుద్ధం. నిమ్మ, బత్తాయి జాతి చెట్లను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులు విషయంలో జార్జియా మొత్తం సమాఖ్య క్వారంటైన్‌లో (మొక్కలు బయటికి వెళ్లకుండా పెట్టిన కట్టడిలో) ఉంది. ఆ తెగులును మోసే సన్నటి సిల్లిడ్ పురుగు కరివేపాకు లేత చిగుళ్ల మీద గుడ్లు పెడుతుంది. మొక్క పచ్చగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది, పురుగు మాత్రం కొత్త ఊరు చేరుతుంది. దక్షిణ జార్జియాలో సత్సుమా (ఒక రకం కమలా) తోటలు వేసిన రైతులకు ఇది బతుకు సమస్య.

ఊళ్లోనే అమ్మాలన్నా మొక్కల లైసెన్సు కావాలి. వాట్సాప్ గ్రూపులో పిలక ఇంత అని పెట్టేముందు శాఖలోని ప్లాంట్ విభాగానికి ఫోన్ చేసి అడగండి. చిగుళ్లు మెలికలు తిరిగి, వాటి మీద తెల్లటి మైనం పోగుల్లాంటివి కనిపిస్తే మొక్కను కదపకుండా వాళ్లకే చెప్పండి.

పురుగుమందు పెరట్లోకి కొట్టుకొస్తే

పక్కింటి లాన్‌కు కలుపు మందు కొట్టాక మీ టమాటా ఆకులు దొన్నెల్లా ముడుచుకుని, కాడలు మెలికలు తిరిగితే ఆ రోజే ఫిర్యాదు చేయండి. ఆకుల మీది మందు అవశేషం రోజులు గడిచే కొద్దీ తగ్గిపోతుంది. మొక్కల్ని కడగకండి, పీకకండి. శాఖ నమూనా తీసి, తప్పు తేలితే మందు కొట్టిన కంపెనీ లైసెన్సు మీద చర్య తీసుకుంటుంది. మీకు నష్టపరిహారం ఇప్పించడం మాత్రం దాని పని కాదు, దానికి కోర్టుకే వెళ్లాలి.

ఫిర్యాదు పంపాక

ఫిర్యాదు నంబరు తీసుకుని దాచుకోండి. జవాబు రాకపోతే జార్జియా ఓపెన్ రికార్డ్స్ చట్టం కింద తనిఖీ నివేదిక అడగండి. మూడు పనిదినాల్లో శాఖ స్పందించాలి. కావాల్సిన కాగితం పేరు, చిరునామా, తేదీల మధ్య కాలం స్పష్టంగా రాస్తే వెతుకులాట ఖర్చు తగ్గుతుంది. శాఖ కొత్త నిబంధన తెచ్చేముందు కనీసం 30 రోజుల నోటీసు ఇస్తుంది. ఆ గడువులో మన దుకాణదారులు, వంటలు చేసి అమ్మే ఆడవాళ్లు తమ మాట రాసి పంపాలి. నిబంధన అమల్లోకి వచ్చాక బాధపడటం కంటే ఇది వందరెట్లు పనికొచ్చే పని.

ఓటు

కమిషనర్ పదవీకాలం నాలుగేళ్లు, ఎన్నిక గవర్నర్ ఎన్నికతో పాటే జరుగుతుంది. ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చు. టామీ ఇర్విన్ 1969 నుంచి 2011 వరకు ఈ పదవిలో ఉన్నారు. 2022లో గెలిచిన టైలర్ హార్పర్ 2023 జనవరిలో బాధ్యతలు తీసుకున్నారు. ఆ తర్వాతి ఎన్నిక 2026 నవంబరు 3న, ఓటరుగా నమోదుకు చివరి తేదీ అక్టోబరు 5. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే నాలుగు వారాలకు, డిసెంబరు 1న, రనాఫ్ (మొదటి ఇద్దరి మధ్య మలి పోటీ) ఉంటుంది.

అభ్యర్థిని తూచడానికి ప్రసంగాల కంటే విరాళాల జాబితా మేలు. రాష్ట్ర ఎథిక్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి, పురుగుమందుల కంపెనీలు, గ్యాస్ స్టేషన్ల యజమానులు, కోళ్ల పరిశ్రమ నుంచి ఎంత వచ్చిందో చూడండి. ఈ శాఖ తనిఖీ చేయాల్సింది వాళ్లనే. సభల్లో కలిస్తే సూటిగా అడగండి: గ్యాస్ పంపును ఎన్ని నెలలకోసారి పరీక్షిస్తారు, గ్రోసరీలకు ఇన్‌స్పెక్టర్లు సరిపోతున్నారా, ఖాళీలు ఎన్ని? బ్యాలెట్‌లో ఈ పదవి గవర్నర్, సెక్రటరీ ఆఫ్ స్టేట్ లాంటి పేర్ల తర్వాత ఎక్కడో కింద ఉంటుంది. పైన రెండు మూడు గుర్తులు పెట్టేసి బయటికి రాకండి, తెర చివరిదాకా జరపండి.