ఫాంగ్ న్గా సముద్ర గుహలకు వెళ్తున్నారా? ముందు తిథి చూడండి

ఫుకెట్ వెళ్లినవాళ్లు ఫాంగ్ న్గా అఖాతంలో పడవ ప్రయాణం బుక్ చేసుకునేటప్పుడు ధర అడుగుతారు, భోజనం ఉందా అని అడుగుతారు, ఆ రోజు పోటు ఎన్నింటికో మాత్రం అడగరు. మేమూ మొదటిసారి అడగలేదు. కో పనక్ ద్వీపం దగ్గరికి చేరేసరికి గుహ నోరు నీళ్లలో మునిగిపోయి ఉంది, బయట ఒక చుట్టు తిప్పి వెనక్కి తెచ్చేశారు.

అక్కడ అసలు చూడాల్సింది హాంగ్‌లు. థాయ్ భాషలో హాంగ్ అంటే గది. బొర్రా గుహల్లో ఆవు జారిపడిందని చెప్పుకునే కన్నం గుర్తుందా? అలాంటి కన్నం పెద్దదై కప్పంతా కూలిపోయి, కింద సముద్రం నీళ్లు చేరాయనుకోండి, అదే హాంగ్. చుట్టూ నిలువు కొండ, పైన ఆకాశం, నీళ్లలో మడచెట్లు. లోపలికి దారి మాత్రం గుహ ఒక్కటే. నీళ్లు బాగా ఎక్కితే ఆ దారి మూసుకుపోతుంది, మరీ దిగితే పడవ బురదలో ఆగిపోతుంది.

అందుకే ఇంట్లో క్యాలెండర్ తీయండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, కాబట్టి దారి తెరిచి ఉండే సమయం తక్కువ. అష్టమి రోజుల్లోనూ ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ ఆ తేడా తక్కువ. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్న వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైము ఈరోజుకు పనికిరాదు. "గుహలోకి ఎన్నింటికి తీసుకెళ్తారు?" అని సూటిగా అడగండి, జవాబు లేకపోతే ఇంకొకరిని చూసుకోండి.

నెలలైతే నవంబర్ నుంచి ఏప్రిల్ మంచివి.

లోపలికి వెళ్లేది చిన్న కయాక్‌లో, తెడ్డు వేసే మనిషి తోడుంటాడు. పడుకోమంటే వెంటనే వెల్లకిలా పడుకోండి, చేతులు బయట పెట్టకండి, రాతికి అంటుకున్న ఆల్చిప్పలు బ్లేడులా కోస్తాయి. నీళ్లు ఎక్కుతున్నాయి, బయల్దేరదాం అంటే ఇంకో ఫోటో అని ఆగొద్దు. గబ్బిలాల మీద టార్చి వేయొద్దు. కోతులకు ఏమీ పెట్టొద్దు, దయచేసి.

కో తపు అనే నిటారు రాయి దగ్గర జనం ఎక్కువ, పడవలను దగ్గరికి పోనివ్వరు, ఒడ్డు నుంచి చూసి వచ్చేయండి. భోజనానికి చాలా పడవలు ఆపే కో పన్యీ, నీళ్లలో గుంజల మీద కట్టుకున్న ముస్లిం జాలరుల ఊరు, ఒళ్లు కప్పే బట్టలు ఉంచుకోండి. శాకాహారులు బుక్ చేసేటప్పుడే "జే" అని చెప్పాలి, లేకపోతే కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది.