మెడ పట్టేస్తే డీప్ టిష్యూ మసాజ్: నా అనుభవం

రోజంతా కంప్యూటర్ ముందు పని. మెడ, కుడి భుజం కలిసే చోట కండరం బిగుసుకుపోయి తల తిప్పలేకపోయేదాన్ని. మామూలు మసాజ్‌కి హాయిగా ఉండేది కానీ పట్టు వదిలేది కాదు. ఫిజియోథెరపిస్ట్ సలహాతో డీప్ టిష్యూ మసాజ్, అంటే లోపలి కండరాల దాకా నెమ్మదిగా, గట్టిగా ఒత్తే మసాజ్ చేయించుకున్నాను. ముందు అరచేత్తో పైకండరాలను వదులు చేసి, తర్వాత మోచేతిని బిగుసుకుపోయి ముడిలా ఉన్న ఆ కండరం మీద ఆనించి, నేను ఊపిరి వదిలినప్పుడల్లా మెల్లగా ఒత్తిడి పెంచారు. ఊపిరి బిగబట్టేంత నొప్పి వస్తే వెంటనే చెప్పేయాలి, ఓర్చుకోవద్దు. మర్నాడు కాస్త సలుపు ఉంది, అది మామూలే. ఆ తర్వాత మెడ తేలిగ్గా తిరిగింది.

ఆటలాడేవాళ్లకీ, ఇలా కండరాలు పట్టేసేవాళ్లకీ ఇది నప్పుతుంది. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు అసలు చేయించుకోకూడదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే వెళ్లాలి. చేయి తిమ్మిరెక్కుతుంటే నరం సమస్య కావచ్చు, ముందు పరీక్ష చేయించుకోండి.