ఫ్రెంచి పాఠాలు – 17: వెళ్ళాలని ఉంది, వెళ్తాను, వెళ్తున్నాను

భవిష్యత్ కాలం కిందటి పాఠంతో అయిపోయింది. అంతకుముందు "అప్పట్లో ఉండేదాన్ని, వెళ్ళేదాన్ని" అని చెప్పుకునే ఏఁపర్ఫె కూడా చూశాం. ఆ రెండూ బాగా వచ్చినవాళ్ళకి ఇవాళ కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. రానివాళ్ళు మాత్రం ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూసుకుని రండి. ఇవాళ్టి కోఁదిస్యొనెల్‌కి ("వీసా ఉంటే వెళ్ళేదాన్ని" లాంటి మాటల్లో వచ్చే క్రియారూపానికి) మొదలు ఒకదాన్నుంచీ, చివర ఇంకోదాన్నుంచీ వస్తాయి.

రాసే పద్ధతి పాతదే. ముక్కుతో పలికేచోట అరసున్న పెడుతున్నాను. త, ద అన్నవి మన దంత్యాలే. వాటిని ఇంగ్లీషు ట, డలుగా మార్చకండి. "జ" కనబడ్డప్పుడు మెజర్, ప్లెజర్ అనే మాటల నడుమ వినబడే శబ్దం పలకాలి. వీజా, ఓజేతాజ్యునీ, వు జాలే అనేచోట్ల మాత్రం అది ఇంగ్లీషు z.

ఇవాళ మాట్లాడేది నాఁత్ నగరంలో ఉండే 24 ఏళ్ళ అమ్మాయి. పాఠం కోసం కల్పించుకున్న మనిషే గానీ ఇలాంటి పిల్లలు ఫ్రాన్సులో ఏ ఊళ్ళోనైనా కనబడతారు. విదేశాలకు పరుగెత్తేది మన పిల్లలేననీ, ఐరోపావాళ్ళకి ఆ అవసరమేముందనీ మనలో చాలామంది అనుకుంటారు. ముందు పైకి చదవండి. అర్థం తర్వాత.

జే వేఁత్‌కత్రాఁ. జబితా నాఁత్.
జే యున్ లిసాఁస్, మె జ న త్రూవ్ పా ద వ్రే త్రవాయ్.
తుజూర్ దే సేదేదే, జమే ద సేదేఈ!
జ వుద్రె వీవ్ర్ ఎ త్రవయే అ లేత్రాఁజే.
జెమ్రె అలే ఓ కనదా.
సి జవె ల వీజా, జ పర్తిరె తు ద సుయిత్.
మా మేర్ నె పా కోఁతాఁత్. ఎల్ దీ: ఎ సి త్యు న రవ్యేఁ పా?

నాకు 24 ఏళ్ళు. నాఁత్‌లో ఉంటాను. డిగ్రీ ఉంది గానీ సరైన ఉద్యోగం దొరకడం లేదు. ఎప్పుడు చూసినా సేదేదేలే, సేదేఈ ఊసే లేదు! పరాయి దేశంలో ఉండి పనిచేసుకోవాలని ఉంది. కెనడా వెళ్ళాలని ఉంది. వీసా ఉంటే ఈ క్షణమే వెళ్ళేదాన్ని. అమ్మకి ఇష్టం లేదు. "మరి నువ్వు తిరిగి రాకపోతే?" అంటుంది.

లిసాఁస్ అంటే మన డిగ్రీలాగే మూడేళ్ళ చదువు. సేదేదే, సేదేఈ అన్నవి ఫ్రాన్సులో ఉద్యోగం గురించి నోరు విప్పితే చాలు వచ్చే మాటలు. మొదటిది గడువున్న ఒప్పందం. ఆరు నెలలో ఏడాదో అయ్యాక ఇంటికి పంపిస్తారు. రెండోది గడువు లేనిది, మనవాళ్ళు పర్మనెంట్ అనేది. జీతం ఎంతన్నది ఒక ఎత్తు, ఈ రెండింట్లో ఏదన్నది ఒక ఎత్తు. అద్దె ఇల్లు అడగడానికి వెళ్తే యజమాని ముందు చూసేది సేదేఈ ఉందా లేదా అనే. అది లేకపోతే అమ్మానాన్నల్నో ఇంకెవరినో పూచీకత్తుగా తెచ్చుకోవాలి. ఈ అమ్మాయి విసుగంతా ఆ మూడో వరసలో ఉంది. అందులో క్రియే లేదు, గమనించారా? కోపంలో మనమూ అలాగే మాట్లాడతాం.

ఇక అసలు సంగతి. "నాకు కావాలి" అనడానికి మనకి వచ్చిన మొదటి రూపం జ వ. దుకాణంలో "ఒక కిలో టమాటా కావాలండీ" అంటే తెలుగులో అది మర్యాదైన మాటే. ఆ అలవాటుతో ఫ్రెంచి బేకరీలో జ వ యున్ బగెత్ అంటే చెల్లుబాటు కాదు. ఇచ్చేస్తారు, కానీ మొహం మాడ్చుకుని ఇస్తారు. అక్కడ జ వుద్రె అనాలి. మన "అండీ" చేసే పని అక్కడ క్రియ చివర చేస్తుంది. ఇంటర్వ్యూలో, వీసా కౌంటర్‌లో, అద్దె ఇంటి యజమానితో, ఎక్కడైనా సరే, కోరిక చెప్పాలంటే జ వుద్రె గానీ జెమ్రె గానీ. ఇంతవరకు వచ్చినా ఈ పాఠంలో సగం వచ్చినట్టే.

తయారీ ఇలా. భవిష్యత్ కాలంలో "నేను" రూపం తీసుకోండి: జ పర్తిరే, వెళ్తాను. చివరి ఏ తీసేస్తే పర్తిర్ మిగులుతుంది. దానికి ఏఁపర్ఫె చివర్లు తగిలించండి.

జ పర్తిరె, త్యు పర్తిరె, ఇల్ పర్తిరె,
ను పర్తిర్యోఁ, వు పర్తిర్యే, ఇల్ పర్తిరె.

నేను, నువ్వు, అతను, వాళ్ళు – నలుగురికీ వినబడేది ఒకటే ఎ. రాతలో తేడాలున్నాయి, అవి నోట్సులో రాసుకోండి. భవిష్యత్ కాలంలో వంకరగా మారిన క్రియలు ఇక్కడా అదే వంకరతో వస్తాయి: జోరె (నాకు ఉండేది), జ సరె (నేను అయ్యేదాన్ని), జిరె (వెళ్ళేదాన్ని), జ పుర్రె (చేయగలిగేదాన్ని). కొత్తగా బట్టీ పట్టాల్సింది ఒక్కటీ లేదు.

ఇప్పుడు చెవికి వచ్చే చిక్కు. జ పర్తిరే అంటే వెళ్తాను. జ పర్తిరె అంటే వెళ్ళేదాన్ని. కాయితం మీద తేడా చివరన ఒక్క ఎస్ అక్షరం. పుస్తకాల ప్రకారం మొదటిది మూసిన ఏ, రెండోది తెరిచిన ఎ. నిజానికి ఫ్రాన్సులో చాలామంది ఈ రెండింటినీ ఒకేలా పలికేస్తారు. అక్కడి పిల్లలే రాతలో పొరపడుతుంటారు, మనమెంత! కాబట్టి చెవిని ఆ చివరి అచ్చు మీద కాకుండా వాక్యం మొదట్లో సి (మన "వస్తే, ఉంటే"లోని "తే" పని చేసే మాట) తర్వాత ఏం వచ్చిందన్న దాని మీద పెట్టండి.

సి జే ల వీజా, జ పర్తిరే. వీసా వస్తే వెళ్తాను.
సి జవె ల వీజా, జ పర్తిరె. వీసా ఉంటే వెళ్ళేదాన్ని.

మొదటిదాంట్లో జే, వర్తమానం. వీసా రావచ్చు, దరఖాస్తు పెట్టే ఉంది. రెండోదాంట్లో జవె, ఏఁపర్ఫె. వీసా ఇప్పుడు చేతిలో లేదు. మన భాషలో "వస్తే వెళ్తాను", "ఉంటే వెళ్ళేదాన్ని" అనే జంటలకి ఇవి అచ్చంగా సరిపోతాయి. "వెళ్ళేదాన్ని" అన్న తెలుగు రూపం ఏఁపర్ఫెకీ ("చిన్నప్పుడు రోజూ వెళ్ళేదాన్ని") కోఁదిస్యొనెల్‌కీ ఒకటే కావడంతో మనవాళ్ళు సి వెనకాల కూడా కోఁదిస్యొనెల్ పెట్టేస్తారు: సి జోరె ల వీజా అని. అది తప్పు. ఫ్రెంచి బడుల్లో పిల్లలకి దీనికో సూత్రం చెబుతారు: లే సి నెమ్ పా లే రె. సికి రె (కోఁదిస్యొనెల్ చివర వినబడేది) అంటే గిట్టదు. కామాకి అవతల ఉండాల్సిందే గానీ సి పక్కన రె కూర్చోకూడదు.

తర్వాత దేశాల పేర్లు. తెలుగులో "కెనడాకి" వేరు, "కెనడాలో" వేరు. ఫ్రెంచిలో రెండింటికీ ఒకటే మాట; వెళ్తున్నారో ఉన్నారో క్రియే చెబుతుంది. ఇంతవరకు మనకి లాభమే. నష్టం ఎక్కడంటే, ఆ ఒక్క మాటా దేశం ఆడదా మగదా అన్నదాన్ని బట్టి మారుతుంది. రాతలో ఇ (e) అక్షరంతో ముగిసేవి దాదాపు అన్నీ స్త్రీలింగం, వాటికి ఆఁ: ఆఁ నేఁద్ (ఇండియా), ఆఁ నోస్త్రలీ (ఆస్ట్రేలియా), ఆఁ నిర్లాఁద్ (ఐర్లాండు). మిగతావాటిలో హల్లుతో మొదలయ్యేవాటికి సాధారణంగా ఓ: ఓ కనదా, ఓ జపోఁ. బహువచనమై, పేరు అచ్చుతో మొదలైతే ఓ వెనకాల జ్ వినబడుతుంది: ఓజేతాజ్యునీ, అమెరికా. మెక్సికో పేరు ఇతోనే ముగిసినా పుంలింగం: ఓ మెక్సీక్. ఊళ్ళకి ఈ గొడవ లేదు, దాదాపు ఎప్పుడూ అ: అ నాఁత్, అ మోఁరేఆల్. (ఈ రెండో ఊరి పేరు మధ్యలో ట పలకరు, మోంట్రియల్ అంటే మీరు ఇంగ్లీషు నుంచి వచ్చారని తెలిసిపోతుంది.) కేబెక్ దగ్గర జాగ్రత్త: ఓ కేబెక్ అంటే ఆ రాష్ట్రంలో, అ కేబెక్ అంటే ఆ ఊళ్ళో. రెండింటికీ పేరు ఒకటే మరి.

ఇంతకీ ఈ అమ్మాయికి కెనడా వీసా ఎలా వస్తుంది? ఐరోపా యూనియన్‌లో ఏ దేశానికి వెళ్ళినా ఆమెకి వీసా అక్కర్లేదు. బెర్లిన్‌లోనో డబ్లిన్‌లోనో రేపే పనిలో చేరవచ్చు. లండన్ కూడా ఒకప్పుడు అంతే. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి నుంచి, అక్కడ పనిచేయాలంటే వీసా కావాలి. సముద్రాలు దాటి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా చెప్పుకునే మాట పేవేతే, సెలవూ పనీ కలిసిన వీసా. ఫ్రెంచివాళ్ళకి కెనడాది 18 నుంచి 35 ఏళ్ళలోపు, రెండేళ్ళ దాకా. యజమాని ఎవరో ముందే చెప్పనక్కర్లేదు, ఉద్యోగం అక్కడికి వెళ్ళి వెతుక్కోవచ్చు. అయితే కావాలన్న అందరికీ రాదు. పేర్లు ఒకచోట వేసి లాటరీ తీస్తారు. పేరు వస్తే బ్యాంకులో 2,500 కెనడా డాలర్లు చూపాలి, ఉండబోయే కాలమంతటికీ ఆరోగ్య బీమా కొనుక్కోవాలి. ఆస్ట్రేలియాలో మొదటి ఏడాది తర్వాత ఇంకో ఏడాది కావాలంటే పల్లెల్లో మూడు నెలలు పళ్ళు కోయడం లాంటి పని చేసి చూపించాలి. ఇలా వెళ్ళేవాళ్ళని ఫ్రెంచిలో పేవేతీస్త్ అంటారు. కంపెనీ తరఫున వెళ్ళే దారి ఇంకోటి: వే-ఈ-అ. 18 నుంచి 28 ఏళ్ళవాళ్ళకి, ఆరు నెలల నుంచి 24 నెలల దాకా, ఫ్రెంచి కంపెనీల విదేశీ శాఖల్లో. బిజినెస్ ఫ్రాన్స్ అనే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. నన్నడిగితే కంపెనీ తరఫున వెళ్ళే వే-ఈ-అ కంటే పేవేతేతోనే భాష బాగా వస్తుంది. హోటల్లో గిన్నెలు కడుగుతూ నేర్చుకున్న మాట మర్చిపోరు.

మన పాస్‌పోర్టుకి కెనడా పేవేతే లేదు. ఆస్ట్రేలియా మాత్రం 2024 నుంచి ఏడాదికి వెయ్యిమంది భారతీయులకి లాటరీ మీద ఇస్తోంది, 18 నుంచి 30 ఏళ్ళవాళ్ళకి. మీలో చాలామంది ఫ్రెంచి మొదలుపెట్టిన కారణం వేరని నాకు తెలుసు: 2023 నుంచి కెనడా శాశ్వత నివాసానికి ఫ్రెంచి వచ్చినవాళ్ళని విడిగా పిలుస్తోంది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింట్లోనూ 7వ స్థాయి రావాలి. ఆ స్థాయి చూపడానికి రాసే తేఫ్ (TEF) అనే ఫ్రెంచి పరీక్షలో ఎదుటి మనిషిని ఫలానా పనికి ఒప్పించమని అడుగుతారు. అక్కడ కోఁదిస్యొనెల్ లేకుండా మాట్లాడితే ఆజ్ఞలిచ్చినట్టు ఉంటుంది.

కొన్ని నెలల తర్వాత అదే అమ్మాయి:

సా యె! జే యు మోఁ పేవేతే.
జ వే పర్తీర్ ఓ కనదా.
జ పర్ ల త్రువా మార్స్. జే దేజా లస్యురాఁస్.
మామాఁ దీ: త్యు వా ను మాఁకే.

అయిపోయింది! నా పేవేతే వచ్చేసింది. కెనడా వెళ్ళబోతున్నాను. మార్చి 3న బయల్దేరుతున్నాను. బీమా ఇప్పటికే తీసుకున్నాను.

క్రియ ఎలా మారిందో చూడండి. మొదట జ పర్తిరె, వెళ్ళేదాన్ని. ఇప్పుడు జ వే పర్తీర్, వెళ్ళబోతున్నా. టికెట్ కొన్నాక జ పర్, వర్తమానమే చాలు. జ పర్తిరే అన్న నిండు భవిష్యత్ కాలం ఎక్కడా లేదు. మాట్లాడేటప్పుడు దాన్ని దూరపు సంగతులకీ, మాట ఇవ్వడానికీ, సి ఉన్న వాక్యాలకీ దాచుకుంటారు.

చివరి వాక్యానికి పైన అర్థం రాయలేదు, కావాలనే. ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళందరూ ఇక్కడ తడబడతారు, "నువ్వు మమ్మల్ని తలుచుకుంటావు" అని తిరగేస్తారు. తెలుగువాళ్ళకి ఆ బాధ ఉండకూడదు. త్యు – నువ్వు. ను – మాకు. మాఁకే – లోటవడం. నువ్వు మాకు లోటవుతావు. నువ్వు లేకపోతే మాకు వెలితిగా ఉంటుంది. "నాకు ఆకలేస్తోంది, నాకు బెంగగా ఉంది" అని "కు" పెట్టి బాధలు చెప్పుకునే భాష మనది, మాఁకే కూడా ఆ పద్ధతే. మా మేర్ మ మాఁక్: అమ్మ నాకు లోటుగా ఉంది, అంటే అమ్మ మీద బెంగగా ఉంది.

మాంట్రియల్‌లో దిగాక ఆమెకి తన భాషే కాస్త కొత్తగా వినబడుతుంది. ఫ్రాన్సులో ల వీకెండ్ అనేదాన్ని కేబెక్‌లో లా ఫేఁ ద సమేన్ అంటారు. దీనే అంటే ఫ్రాన్సులో రాత్రి భోజనం, కేబెక్‌లో మధ్యాహ్నానిది. ఎవరైనా దీనేకి పిలిస్తే గంట అడగడం మంచిది.

అభ్యాసం. జవాబులు చేత్తో మూసుకుని చేయండి.

నాకు ఐర్లాండులో పనిచేయాలని ఉంది. — జెమ్రె త్రవయే ఆఁ నిర్లాఁద్.

డబ్బుంటే జపాన్ వెళ్ళేదాన్ని. — సి జవె ద లర్జాఁ, జిరె ఓ జపోఁ.

వీసా వస్తే వచ్చే నెల వెళ్తాను. — సి జే ల వీజా, జ పర్తిరే ల మ్వా ప్రొషేఁ.

మీరు నాకు లోటవుతారు. — వు జాలే మ మాఁకే. ఇక్కడ వు తర్వాత జ్ వినబడిందా? దీన్ని అలే క్రియ పాఠంలో చూశాం.

ఒకటి మీరే చేసుకోవాలి, జవాబు ఇవ్వను: అమ్మాయి తల్లి అడిగిన "ఎ సి త్యు న రవ్యేఁ పా?" కి ఆ అమ్మాయి తరఫున మూడు వాక్యాల్లో సమాధానం రాయండి. అందులో ఒక సి, ఒక రె ఉండాలి, పక్కపక్కన మాత్రం ఉండకూడదు. వచ్చే పాఠంలో ఆమె మోఁరేఆల్‌లో ఉద్యోగానికి ఉత్తరం రాస్తుంది, మీ ఉత్తరం కూడా అప్పుడే మొదలవుతుంది.